బోడిగుండుకీ మోకాలికీ

మూడు, సున్నా.
బస్సు అద్దాల మీద ఆవిరి. లోపల
తడిసిన ఉన్నిటోపీల వాసన, చిప్స్ మీద వెనిగర్ వాసన,
ఓడి ఇంటికెళ్తున్న నలభై ఇద్దరి వాసన.

జనవరి. పట్టికలో పంతొమ్మిదో మెట్టు.
ఆల్డర్‌షా టౌన్ అభిమానుల బస్సు మోటర్‌వే ఎక్కకముందే
నోరిస్ పంచాయితీ పెట్టాడు:
"ఆ బోడిగుండు లాఫ్టస్‌కి
వెనక ఎంతమందిని నిలబెట్టాలో కూడా తెలీదు.
ముగ్గురుండాలి. నేను మిల్లులో పనిచేసే రోజుల్లో..."
"నువ్వు మిల్లులో ఉన్నప్పుడు బంతి తోలుది, గోలీ తాగుబోతు."
మావిస్, థర్మాస్ మూత బిగిస్తూ.

తారిఖ్ టాక్సీ తోల్తాడు. సీజన్ మొత్తానికీ
అతని దగ్గర మూడే కారణాలు:
మన పిచ్ బురద, రిఫరీ గుడ్డి, గాలి ఎప్పుడూ ఎదురు.
ఆడలేక మద్దెల ఓడు అనబోయి ఆగాను.
నిజానికి మా మద్దెల ఓడే.
ఉత్తరం గోలు ముందు నీళ్ళు నిలిస్తే
బాతులు దిగుతాయి, టికెట్ లేకుండా.

"సరే, టెండైని ఎందుకు దింపలేదు మరి?
ఏడు గోల్స్ కొట్టినవాణ్ణి
గొడుగులా మడిచి బెంచీ మీద పెట్టాడు!"
"పొగరెక్కిందట."
"జీతం పెంచమన్నాడట."
"లాఫ్టస్‌కి అసూయ, వాడి జుట్టు చూసి."
బస్సంతా నవ్వింది.

నేను నారింజ ఒలుస్తున్నాను
తొక్క ఎక్కడా తెగకుండా.

గురువారం పొద్దున, తొమ్మిదింపావు,
ఆస్పత్రి కింది అంతస్తులో, నా స్కానింగు గదిలో
ఆ మోకాలు చూశాను.
ఎముకకీ ఎముకకీ నడుమ ఉండాల్సిన మెత్తదనం
పాత తలగడలో దూదిలా
ఒక మూలకి జరిగిపోయి ఉంది.
ఇరవై రెండేళ్ళ మోకాలు.
బయట కుర్చీలో లాఫ్టస్, టోపీ ఒళ్ళో,
గుండు మీద ట్యూబులైటు.
తలుపు మూసుకుంటూ ఉంటే వినబడింది:
"ఎవరికీ చెప్పక్కర్లేదు. నన్ను తిట్టుకోనీ.
వాళ్ళకి అలవాటే."

చెప్పకూడదు. సంతకం పెట్టిన కాగితం ఉంది.
కాగితం లేకపోయినా చెప్పేదాన్ని కాదు అనుకుంటాను.
అనుకోవడం తేలిక, చుట్టూ ఇంతమంది
అబద్ధాన్ని ఇంత ప్రేమగా నములుతున్నప్పుడు కష్టం.

"నువ్వేమంటావు కామీ?"
కామేశ్వరి వాళ్ళ నోట సగం దారిలోనే దిగిపోతుంది.
"ముగ్గురుండాలి వెనక," అన్నాను.
నోరిస్‌కి ఒక గోలు తిరిగొచ్చినంత సంతోషం.

కాఫీకి ఆగిన చోట
ఆటగాళ్ళ బస్సు కూడా ఆగి ఉంది.
వరుసలో లాఫ్టస్, చేతిలో రెండు కప్పులు,
దేనికోసమో అటూ ఇటూ చూస్తూ.
అతని వెనకే నోరిస్,
అరవై మైళ్ళుగా నూరుకొచ్చిన కత్తితో.
లాఫ్టస్ ఇటు తిరిగాడు.
నోరిస్ గొంతు సవరించుకున్నాడు.
"పాలు... ఆ పక్కనున్నాయి."
"థాంక్స్."
అంతే. అర్ధ సీజన్ కోపం అంతే.

పాల దగ్గర నేనున్నాను.
లాఫ్టస్ ఒక్క క్షణం చూశాడు నన్ను.
పలకరించలేదు. టోపీ కిందికి లాక్కున్నాడు.
రెండో కప్పులో మూడు చెంచాల పంచదార వేసి
కుంటుతూ వచ్చిన కుర్రాడికి అందించాడు.
కుంటడం ఎవరూ చూడలేదు.
అందరూ లాఫ్టస్‌నే చూస్తున్నారు.

మాట దారి తప్పితే మా పెద్దమ్మ కసిరేది,
బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టకే అని.
ముడి పడే ఉంది పెద్దమ్మా,
నా కళ్ళముందే బిగిసింది.

బస్సు కదిలాక చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.
కొండల మీద వాన.
తర్వాత నోరిస్, చీకట్లోంచి:
"పాలెక్కడున్నాయో తెలీనివాడికి
వెనక ముగ్గురుండాలని ఏం తెలుస్తుంది?"

తారిఖ్ గాలి సంగతి ఎత్తాడు.
మావిస్ నా నారింజలో సగం తీసుకుని,
మంగళవారం సీటు పట్టి ఉంచుతాలే అంది,
పైకప్పు కారని వైపు.